మామిడి బ్యాక్టీరియా మచ్చ తెగులు: కావేరిపట్టణం తోటల్లో గుర్తింపు, అదుపు

ఆకు, కొమ్మ, కాయ మూడింటికీ సోకే జబ్బు ఇది. క్శాంతోమొనాస్ సిట్రి అనే బ్యాక్టీరియాలో మామిడికి సోకే రకం దీనికి కారణం. దక్షిణాఫ్రికాలో 1915లో, మన దేశంలో 1948లో శాస్త్రవేత్తలు దీన్ని వివరించారు. 2010 తరువాత ఘానా, మాలి, బుర్కినా ఫాసో తోటల్లోనూ బయటపడింది.

కృష్ణగిరి జిల్లాలో ఎక్కువగా పండేది మనం బెంగళూరా అనే తోతాపురి. గుజ్జు ఫ్యాక్టరీకి పోయినా, మండీకి పోయినా పగిలిన కాయ నిలవదు, త్వరగా కుళ్లుతుంది.

గుర్తులు

ఆకు మీద మొదట నీరు పట్టినట్టు చిన్న మచ్చలు పడతాయి. అవి ఈనెల మధ్య కోణాలుగా ఆగి, నల్లబడి, కాస్త ఉబ్బుతాయి. చుట్టూ పసుపు అంచు కనిపిస్తుంది. కాయ మీది మచ్చ నక్షత్రంలా చీలి జిగురు కారుతుంది. ఆంత్రాక్నోస్ మచ్చ ఇలా ఉబ్బదు. అది బూజు జాతి తెగులు. దానికి కొట్టే కార్బెండజిమ్ బ్యాక్టీరియా మీద పనిచేయదు. కాబట్టి మందు కొనే ముందే తేడా చూసుకోవాలి.

వ్యాప్తి

గాలివాన తుంపర్లతో, కొమ్మల గాయాల గుండా ఇది చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది. దూర ప్రాంతాలకు మోసుకెళ్లేది మాత్రం అంటు మొక్కే. మచ్చ కనిపించని ఆకు మీద కూడా బ్యాక్టీరియా ఉండగలదు. సంతూరు వంటి నర్సరీ ఊళ్లున్న జిల్లాలో తల్లిచెట్లను పరిశీలించడమే మొదటి కాపలా.

అదుపు

సోకిన భాగాన్ని మళ్లీ బాగుచేసే మందు లేదు. పొడి వాతావరణంలో జబ్బు కొమ్మలు కత్తిరించి కాల్చాలి. చెట్టు చెట్టుకూ కత్తిని బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. వానలకు ముందు లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ చల్లితే కొత్త చిగురుకు రక్షణ. గాలి వచ్చే వైపు సరుగుడు వరుస మేలు. పాత సలహాల్లో కనిపించే స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ మిశ్రమాన్ని సేద్యంలో నిషేధించేందుకు కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. మనుషుల వైద్యానికి వాడే ఆ మందులకు సూక్ష్మజీవులు లొంగకుండా పోతాయన్నదే భయం.

ఎవరికి చెప్పాలి

అనుమానం ఉంటే మచ్చల కొమ్మను సంచిలో మూసి ఉద్యాన శాఖ కార్యాలయానికో, కావేరిపట్టణం పక్కనే పైయూరులో ఉన్న తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రానికో చూపించాలి. పక్క తోట వారికీ అదే రోజు చెప్పాలి. వాన తుంపరకు గట్టు అడ్డం కాదు. ఒక్క తోటలో కత్తిరిస్తే సరిపోదు.