మంత్రసాని సంచీ

ఆసుపత్రిని తనిఖీ చేయటం సులభం. దానికి గోడలున్నాయి, రిజిస్టర్లున్నాయి, జవాబు చెప్పవలసిన అధికారి ఉన్నాడు. రోగి తన ఇంట్లోనే ఉన్నప్పుడు, అక్కడికి వచ్చి సేవచేసే మనిషి పనిని ఎవరు చూడాలి? ఏమి చూడాలి? ముసలివాళ్ళకూ మంచం పట్టినవాళ్ళకూ ఏజెన్సీలు ఆయాలను పంపుతున్న ఈ రోజుల్లో ఇది కొత్త ప్రశ్నగా తోస్తుంది. నిజానికి హైదరాబాదు పాతబస్తీ గల్లీలలో దీనికి నూరేళ్ళు దాటిన వయసుంది. అప్పుడా మనిషి పేరు దాయి, తెలుగిళ్ళలో మంత్రసాని.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలని మనకొక మోటు సామెత ఉంది. నవ్వుకుంటూ చెప్పే ఆ మాటలో ఒక సామాజిక ఒప్పందం దాగి ఉంది: బాధ్యత అంతా ఆమెది, నింద కూడా ఆమెదే. పురిటి మైల ముట్టే పనిని కింది కులాల స్త్రీలకు వదిలిపెట్టిన సమాజమే వాళ్ళ చేతులు మురికివని ఈసడించింది.

ఇంటివద్ద సేవను రాజ్యం తనిఖీ చేయాలన్న ఆలోచన స్పష్టంగా చట్టరూపం దాల్చింది ఇంగ్లండులో, 1902 నాటి మంత్రసానుల చట్టంతో. స్థానిక అధికారుల తరఫున ఇన్‌స్పెక్టర్లు వచ్చి మంత్రసాని సంచీ విప్పి చూసేవారు; పరికరాలు, కాన్పుల పుస్తకం, చివరికి ఆమె కాపురముండే ఇల్లు కూడా చూసేవారు. బాలింత జ్వరాలు అనేక ప్రాణాలు తీస్తున్న కాలంలో ఆ కఠినత్వానికి కారణం లేకపోలేదు. కానీ వాళ్ళు చూసింది ప్రధానంగా సంచీని. కాన్పు జరిగే గదిలోని పేదరికం ఏ సంచీలోనూ దొరకదు.

మనదేశంలో లేడీ కర్జన్ 1903లో విక్టోరియా స్మారక వేతనాల నిధిని నెలకొల్పి దాయిలకు శిక్షణ మొదలుపెట్టించింది. ఆ నిధి 1918లో కాన్పుల పరిస్థితులపై ఒక నివేదిక వెలువరించింది. అందులో దాయి దాదాపు ముద్దాయి. కాథరిన్ మేయో 1927లో ‘మదర్ ఇండియా’ రాస్తూ వాడుకున్న సరుకులో ఇదీ ఉంది. పరిశీలన ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి వాస్తవం కూడా దూషణగా మారుతుంది. అదే వాస్తవాన్ని లోపలి నుంచి చూసిన డాక్టరు మనకు ఉంది: రషీద్ జహాన్. 1932లో వచ్చి మరుసటి ఏడే సంయుక్త రాష్ట్రాలలో నిషేధానికి గురైన ‘అంగారే’ సంపుటిలో ఆమె నాటిక ‘పర్దే కే పీఛే’ ఉంది. వరుస కాన్పులతో శిథిలమైన స్త్రీ శరీరాన్ని చూపి, తప్పు దాయి గోళ్ళలోనే లేదని ఆమె తేల్చింది. అభ్యుదయ సాహిత్యాన్ని చర్చించేవారు ఆమె వైద్యవృత్తిని పక్కకు నెట్టటం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది.

హైదరాబాదులో 1906లో విక్టోరియా జనానా ఆసుపత్రికి పునాదిరాయి పడింది. ఘోషా స్త్రీ గడప దాటటానికి అదొక దారి. ఇంట్లో జరిగే పనిని సరిదిద్దటం కంటే మనిషిని భవనంలోకి తేవటమే మేలని రాజ్యం తలచింది. 2005 నాటి జననీ సురక్షా యోజన దాకా నడిచింది ఇదే దారి. దీనివల్ల ప్రాణాలు నిలిచాయి. పాత మంత్రసాని కోసం కన్నీరు కార్చటం అభ్యుదయం కాదు. అయితే ఈ క్రమంలో ఇల్లు రాజ్యం చూపులోంచి తప్పుకుంది.

ఆ ఖాళీ ఇప్పుడు కనిపిస్తోంది. 2002లో ఆంధ్రప్రదేశ్ చేసిన ప్రైవేటు వైద్యసంస్థల చట్టం గాని, 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం గాని పట్టుకున్నది సంస్థను. 2023 నాటి నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం పట్టుకున్నది చదువుకున్న నర్సును. షాలిబండలోనో యాకుత్‌పురాలోనో పక్షవాతం వచ్చిన ముసలాయనను పక్కకు తిప్పి పడుకోబెట్టే ఆయా ఈ రెంటి నడుమ జారిపోతుంది.

రాజ్యం మళ్ళీ గడప తొక్కిన చోటు ఒకటుంది. 2011 నుంచి నవజాత శిశువు ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో పుట్టిన బిడ్డ అయితే ఏడుసార్లు వెళ్ళాలి. బరువు తూచాలి, జ్వరం చూడాలి, ఫారం నింపాలి. అన్నీ పూర్తిచేస్తే అప్పుడు నిర్ణయించిన ప్రతిఫలం 250 రూపాయలు. దాన్ని జీతం అనలేదు, ప్రోత్సాహకం అన్నారు.

ఇంగ్లండులో 2009 నుంచి పనిచేస్తున్న కేర్ క్వాలిటీ కమిషన్ ఇంటివద్ద సేవలందించే సంస్థలను అయిదు ప్రశ్నలు వేసి తనిఖీ చేస్తుంది: భద్రమా, ఫలవంతమా, ఆదరంగా ఉందా, అవసరానికి స్పందిస్తోందా, నిర్వహణ సరిగా ఉందా? మనకు ఆ మాత్రమూ లేదని ఒప్పుకోవలసిందే. కానీ ఆ అయిదింటిలో కూలి అన్న మాట లేదు. రాత్రంతా మేలుకుని, బరువైన మనిషిని ఒంటరిగా లేపిన స్త్రీ తెల్లవారి మందు మార్చి ఇస్తే అది ఆమె అజాగ్రత్తగా నమోదవుతుంది. ఆమె వరుసగా ఎన్ని గంటలు మేలుకుందో నమోదు కాదు.

ఇంటి మర్యాద, పరదా, ఆంతరంగికత అంటూ తనిఖీకి అడ్డుచెప్పేవాళ్ళున్నారు. రోగి అనుమతి లేకుండా గదిలోకి పోరాదన్నది న్యాయమే. ఏజెన్సీ పుచ్చుకున్న సొమ్ములో ఆయాకు ముట్టినదెంత, ఆమెను ఎన్ని గంటలు పనిలో ఉంచారన్న లెక్కల పుస్తకాన్ని అడిగి చూడటానికి మాత్రం ఏ రోగి గడపా దాటనక్కరలేదు.