రాత్రి లారీ: కునుకు వస్తే ఎక్కడ ఆపాలి? ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలి?

ప్రమాద వార్తలు రాసేటప్పుడు మా డెస్కులో రెండు వాక్యాలు పదేపదే టైపు చేస్తుంటాం. ఒకటి, 'డ్రైవర్ నిద్రమత్తులోకి జారుకోవడంతో వాహనం అదుపు తప్పింది'. రెండోది, 'రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనుక నుంచి ఢీకొట్టింది'. చదవడానికి వేర్వేరు ప్రమాదాల్లా ఉంటాయి కానీ చాలాసార్లు రెండింటి మూలం ఒకటే. పడుకోవడానికి చోటు దొరకని డ్రైవర్ రోడ్డు అంచున బండి ఆపుతాడు. పడుకోకుండా వస్తున్న ఇంకో డ్రైవర్ దాన్ని ఆఖరి నిమిషం దాకా చూసుకోడు.

మంగళగిరి వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి (పాతవాళ్ల నోట్లో ఇంకా ఎన్‌హెచ్‌-5) ఊరిని ఆనుకునే వెళ్తుంది. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎక్కించుకుని విజయవాడ మీదుగా ఉత్తరాదికి పోయే లోడ్లు కాజ టోల్‌ప్లాజా దాటాల్సిందే. సీజన్‌లో, అంటే ఫిబ్రవరి నుంచి మే దాకా, ఈ దారిలో రాత్రిపూట రద్దీ ఎలా ఉంటుందో సర్వీసు రోడ్డు మీద టీ బంకు నడిపేవాళ్లను అడిగితే చెబుతారు. పగలంతా లోడు కోసం ఎదురుచూసి, కాటా వేయించి, పట్టా కట్టించి చీకటి పడ్డాక బయలుదేరిన డ్రైవర్‌కు ప్రయాణం అప్పుడే మొదలైనా, మెలకువ మాత్రం తెల్లవారుజాము నుంచే నడుస్తోంది.

దేశం మొత్తం లెక్క తీస్తే, కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. ఆ ఏడాది ఎక్కువగా జరిగినవి వెనుక నుంచి ఢీకొట్టిన ప్రమాదాలే.

కునుకు ఎంత దూరం?

నాలుగు లేన్ల జాతీయ రహదారి మీద సరుకు వాహనాలకు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఆ వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. రెప్ప వాలి నాలుగు సెకన్లలో మళ్లీ తెరిచినా, ఈలోగా దాదాపు 90 మీటర్లు ఎవరూ నడపని లారీ పోయిందన్నమాట. బ్రేకు సంగతి ఆ తర్వాత.

17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని విదేశీ పరిశోధనల్లో తేలింది. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. తాగి నడిపితే పట్టుకోవడానికి ఊదించే యంత్రం ఉంది. నిద్ర లేకుండా నడిపేవాడిని పట్టుకునే యంత్రం చెక్‌పోస్టులో లేదు, కాబట్టి ఆ పరీక్ష మీకు మీరే చేసుకోవాలి.

ఆవులింతలు వచ్చేదాకా ఆగొద్దు. గడిచిన రెండు మూడు కిలోమీటర్లలో ఏం దాటారో గుర్తు రాకపోవడం, బండి అంచు గీత మీదకు జరుగుతుంటే ఉలిక్కిపడి సర్దుకోవడం, తెలిసిన బోర్డు చూడకుండానే దాటేయడం అసలు గుర్తులు. ఇవి కనిపించాయంటే మెదడు అప్పుడప్పుడూ ఆగిపోతోందని అర్థం. రాత్రి 2 నుంచి 5 మధ్య, మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య శరీరమే నిద్ర కోరుతుంది. పదిహేనేళ్ల అనుభవం ఉన్న డ్రైవర్‌కైనా ఇందులో మినహాయింపు లేదు.

చన్నీళ్లు, గట్టిగా పాటలు, కిటికీ తెరవడం, గుట్కా నమలడం కొద్ది నిమిషాల పని. రాష్ట్రంలో పోలీసులు రాత్రిళ్లు లారీలు ఆపి ముఖం కడిగించి పంపే 'ఫేస్ వాష్ అండ్ గో' కూడా మంచిదే, కనీసం డ్రైవర్ కిందకు దిగి నాలుగు అడుగులు వేస్తాడు. అది నిద్రకు బదులు మాత్రం కాదు. కాస్త పనిచేసే పద్ధతి ఒకటుంది. ముందు టీ తాగండి, వెంటనే 20 నిమిషాలకు అలారం పెట్టి పడుకోండి. టీలోని కెఫీన్ పనిచేయడానికి దాదాపు అరగంట పడుతుంది కాబట్టి లేచేసరికి రెండూ కలిసొస్తాయి. అయినా గంటా రెండు గంటల దూరానికే ఇది. రాత్రంతా నడపడానికి పనికిరాదు.

ఆపేది ఎక్కడ?

అసలు చిక్కు ఇక్కడే. లారీల కోసం కట్టిన లే బైలు, పెట్రోలు బంకుల ఆవరణ, పెద్ద దాబాల ఖాళీ స్థలం పనికొస్తాయి. ప్రభుత్వ రంగ చమురు కంపెనీలు కొన్ని హైవే బంకుల్లో 'అప్నా ఘర్' పేరుతో డ్రైవర్లకు పడకలు, స్నానపు గదులు ఏర్పాటు చేశాయి, యాప్‌లో ముందే చూసుకుని బుక్ చేసుకోవచ్చు. బయలుదేరే ముందే ఎక్కడ ఆగాలో అనుకుని ఉంటే, కళ్లు మూతలు పడుతుండగా చోటు వెతుక్కునే అవస్థ తప్పుతుంది.

రోడ్డు మీదే బండి చెడిపోతే నాలుగు ఇండికేటర్లూ వేసి, ఎర్ర త్రికోణం బోర్డును బాగా వెనక్కి పెట్టండి. తర్వాత 1033కి ఫోన్ చేయండి. ఇది జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, క్రేన్ కూడా అడగొచ్చు. త్రికోణం లేదని బండరాళ్లు, చెట్టుకొమ్మలు పెట్టే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. లారీ బాగయ్యాక అవి అక్కడే ఉండిపోతాయి. తెల్లారి పొలానికి బైకు మీద వెళ్లే రైతుకు ఆ రాయి కనిపించదు.

ఎన్ని గంటలు నడపాలో చట్టం చెప్పిందా?

చెప్పింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పెట్టిన హద్దు రోజుకు 8 గంటలు, వారానికి 48. ఏకధాటిగా 5 గంటలు దాటకూడదు, ఆ తర్వాత కనీసం అరగంట విరామం ఇవ్వాలి. మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ కూడా ఈ లెక్కనే చూపిస్తుంది. 2020లో పార్లమెంటు ఆ పాత చట్టాన్ని కార్మికుల భద్రత, ఆరోగ్య కోడ్‌లో కలిపింది, 8 గంటల సూత్రం మాత్రం అలాగే ఉంది. ట్రిప్పు లెక్కన డబ్బులిచ్చే చోట, సరుకు ఫలానా గంటకు చేరాలని ఫోన్లు వచ్చే చోట ఈ హద్దు కాగితం మీదే ఉంటోంది. నిద్రమత్తు కేసులో నిందితుడిగా డ్రైవర్ పేరొక్కటే రాసే పద్ధతి మారనంత కాలం అది కాగితం దాటుతుందని అనుకోలేం.

ప్రమాదం జరిగాక

డ్రైవర్లలో ఎక్కువమందికి ఉన్న భయం జనం కొడతారని. చట్టానికీ ఆ సంగతి తెలుసు. 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం డ్రైవర్ బాధ్యత, కానీ జనం ఆగ్రహం వంటి కారణాలతో అక్కడ ఉండలేకపోతే దానికి మినహాయింపు ఉంది. అలాంటప్పుడు దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కు వెళ్లి చెప్పాలి, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు.

భారతీయ న్యాయ సంహిత 106(2) సెక్షన్ మీద ఇంకా అయోమయం ఉంది. ప్రాణం పోయిన ప్రమాదంలో చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలు అన్న ఈ నిబంధన మీదే 2024 జనవరిలో లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మె చేశారు. హైదరాబాద్ బంకుల ముందు క్యూలు గుర్తుండే ఉంటాయి. ఆ ఏడాది జులై 1న కొత్త సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఈ ఒక్క సబ్‌సెక్షన్‌ను పక్కన పెట్టారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల వరకు జైలు విధించే 106(1) మాత్రం అమల్లోనే ఉంది.

గాయపడినవారి వైపు నుంచి చూస్తే, 2025 మే నుంచి అమలవుతున్న కేంద్ర పథకం కింద ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, రూ.1.5 లక్షల వరకు నగదు రహిత చికిత్స అందుతుంది. గాయపడిన డ్రైవర్, క్లీనర్ కూడా ఇందులోకి వస్తారు. ఇది ప్రమాద కేసేనని పోలీసుల నిర్ధారణ కావాలి కాబట్టి 108తో పాటు 112కూ చెప్పడం మరచిపోవద్దు. ఢీకొట్టిన బండి ఏదో తెలియకపోతే మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50 వేలు పరిహారం ఉంది. దరఖాస్తు వెళ్లేది ఆర్డీవో స్థాయి రెవెన్యూ అధికారి దగ్గరికి.

ఆస్పత్రికి చేర్చినవాళ్లు పేరు, చిరునామా చెప్పి తీరాలని పోలీసులు గానీ డాక్టర్లు గానీ ఒత్తిడి చేయకూడదు. 2019 సవరణతో వచ్చిన 134ఎ సెక్షన్ సాయపడినవారికి కేసుల నుంచి రక్షణ ఇస్తుంది. తీవ్రంగా గాయపడిన మనిషిని మొదటి గంటలో ఆస్పత్రికి చేరిస్తే 'రాహ్‌వీర్' పథకం కింద రూ.25 వేలు ఇస్తారు.

ఇంటివాళ్లకు ఒక మాట. పక్కగది దాకా వినిపించే గురక, పగలు కూర్చున్నచోటే కునుకు ఉన్న డ్రైవర్‌కు నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉండొచ్చు. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు రెన్యువల్ ఐదేళ్లకోసారి, అప్పటిదాకా ఆగకుండా పల్మనాలజీ డాక్టరుకు చూపించండి. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. ఇప్పుడు కాజ దాటుతున్న పాత బండ్లకు ఆ నిబంధన వర్తించదు. మే నెలలో మధ్యాహ్నం వాటి క్యాబిన్‌లో ఎవరూ సరిగ్గా పడుకోలేరు, కాబట్టి రాత్రి ట్రిప్పు ఉంటే పగటి నిద్ర ఇంట్లోనో, ఫ్యానున్న గదిలోనో అయ్యేలా చూసుకోండి.