వేతన బకాయిల వసూలు: కార్మికులకు చట్టం కల్పించిన మార్గాలు

పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సిమెంటు కర్మాగారాలు, సున్నపురాయి గనులు, మిరప, పత్తి పొలాలు శ్రామికులకు ప్రధాన జీవనాధారం. మేస్త్రీల ద్వారా పనిలో చేరేవారికి, మిరప కోతలకు కర్నూలు ప్రాంతం నుంచి వలస వచ్చే కూలీలకు సాధారణంగా రాతపూర్వక ఒప్పందం ఉండదు. కాగితం లేనిదే బకాయి రాదనే అభిప్రాయం సరికాదు. వేతనం చెల్లించినట్లు రుజువు చేయవలసిన బాధ్యతను చట్టం యజమానిపైనే ఉంచినది.

2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్-2019 అమలులోకి వచ్చినది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం ఇందులో విలీనమైనవి.

చెల్లింపు గడువు: రోజు కూలి ఆ రోజు పని ముగియగానే, నెల జీతం తరువాతి నెల 7వ తేదీలోగా చెల్లించవలెను. పని నుంచి తొలగించినా, కార్మికుడే మానివేసినా 2 పనిదినాలలో లెక్క తీర్చవలెను.

గుత్తేదారు చెల్లించని పక్షంలో: ఆ బాధ్యత సంస్థ యాజమాన్యానిదే. మేస్త్రీ కనిపించకుండా పోయినంత మాత్రాన బకాయి రద్దు కాదు.

దరఖాస్తు: బకాయి ఏర్పడిన నాటి నుంచి 3 సంవత్సరాలలోగా కార్మికుడు స్వయంగా గాని, కార్మిక సంఘం ద్వారా గాని నిర్ణీత అధికారికి దరఖాస్తు చేసుకొనవచ్చును. పాత చట్టాలలో ఈ గడువు 12 నెలలు, 6 నెలలు మాత్రమే. బట్టీలు, పొలాల కూలీలు రాష్ట్ర కార్మిక శాఖను, గని కార్మికులు కేంద్ర కార్మిక యంత్రాంగాన్ని ఆశ్రయించవలెను. హాజరు చీటీ, బ్యాంకు పుస్తకం, తోటి కూలీల సాక్ష్యం వంటివి ఉపకరిస్తాయి.

వసూలు, శిక్ష: బకాయితో పాటు దానికి 10 రెట్ల వరకు పరిహారం చెల్లించాలని అధికారి ఆదేశించవచ్చును. యజమాని చెల్లించకున్న, జిల్లా కలెక్టరు దానిని భూమిశిస్తు బకాయి వలె వసూలు చేస్తారు. తక్కువ వేతనం చెల్లించిన యజమానికి రూ.50 వేల వరకు జరిమానా, 5 సంవత్సరాలలోగా నేరం పునరావృతమైతే 3 నెలల వరకు జైలు గాని, రూ.లక్ష వరకు జరిమానా గాని, రెండూ గాని విధింపవచ్చును.

అడ్వాన్సు పేరిట నిర్బంధించిన సందర్భంలో: 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం ఆ అప్పు రద్దవుతుంది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరియేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో స్పష్టం చేసినది.

ఉచిత న్యాయ సహాయం: మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనికి అర్హులు. సమీప న్యాయస్థానంలోని న్యాయ సేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని సంప్రదించవచ్చును. వలస కూలీలు స్వగ్రామం వెళ్లకముందే దరఖాస్తు దాఖలు చేసుకొనుట మేలు.