ఏడాది తేడాలో పుట్టిన రెండు టైర్లు

అమెరికాలో పికప్ ట్రక్కు టైర్లు గుండైపోయి షాపుకు వెళ్లినవాడికి కౌంటర్ దగ్గర ఎదురయ్యే మొదటి ప్రశ్న: ఆల్-సీజనా, ఆల్-టెర్రైనా? ఈ ప్రశ్న వయసు యాభై ఏళ్లే. 1976కి ముందు ఎవరూ అడగలేదు, అడగడానికి ఆ సరుకే లేదు. ఇవాళ ఒకటి ఊరికి, ఇంకొకటి అడవికి అన్నట్టు రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి అమ్ముతున్నారు. పుట్టుక చూస్తే మాత్రం రెండిటిదీ ఒకే ఊరు. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో రెండు కంపెనీలు ఒకే ఇబ్బందికి వెతుక్కున్న రెండు జవాబులివి. ఏడాది పొడుగునా ఒకే సెట్టుతో బండి నడవాలన్నదే ఆ ఇబ్బంది.

తొలినాటి కారు టైర్లు నున్నగా ఉండేవి. తడిలో జారేవి, బురదలో ఊరికే తిరిగేవి. 1908లో ఫైర్‌స్టోన్ కంపెనీ టైరు మీద 'నాన్-స్కిడ్' అన్న అక్షరాలనే ఏటవాలుగా రబ్బరులో ఎత్తుగా పోతపోసింది. పట్టుకు పట్టు, ప్రచారానికి ప్రచారం. మెత్తటి మట్టిదారిలో బండి వెళ్లినంత మేరా కంపెనీ ప్రకటన అచ్చు పడేది. అదే కాలంలో గుడ్‌ఇయర్ వజ్రాకారపు గళ్లతో ఒక ట్రెడ్, అంటే నేలను తాకే పైభాగం, తెచ్చి దానికి 'ఆల్-వెదర్' అని పేరు పెట్టింది. అంటే అన్ని కాలాలకూ ఒకటే టైరు అన్న వాగ్దానం, ఆ టైరు రావడానికి డెబ్భై ఏళ్ల ముందే మొదలైపోయింది.

1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్-టి కారు వెనక ఇనుప తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. కంపెనీ నుంచే తయారై వచ్చిన ఫోర్డ్ పికప్ అదే మొదలు. దాని టైర్లు సన్నగా, ఎత్తుగా ఉండేవి. పల్లెదారుల్లో ఆ సన్నదనమే మేలు చేసేది, చక్రం పైబురదను కోసుకుంటూ దిగి కింది గట్టినేలను అందుకునేది. ఎంపిక అన్న మాటే లేదు. దొరికిందే టైరు, చలికాలంలో దానికి గొలుసులు చుట్టుకోవడమే.

మంచు కోసమే ప్రత్యేకంగా టైరు చేయాలన్న ఆలోచన అమెరికాది కాదు, ఫిన్లాండ్‌ది. ఇప్పుడు నోకియన్ అని పిలుస్తున్న కంపెనీ 1934లో ట్రక్కుల కోసం మంచు టైరు చేసింది, రెండేళ్లకు కార్లకూ తెచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఉత్తర అమెరికాలో ఒక ఆనవాయితీ స్థిరపడింది. చలికాలం రాగానే వెనక చక్రాలకు లోతైన గాడుల మంచు టైర్లు వేయించడం, వసంతంలో విప్పించి గ్యారేజీలో పడేయడం. 1960లలో వాటికి ఇనుప మేకులు కూడా తోడయ్యాయి. ఆ మేకులు మంచుతోపాటు రోడ్లనూ చెక్కేయడంతో 1970లలో మిన్నెసోటా వంటి రాష్ట్రాలు నిషేధించాయి. ఏటా రెండుసార్లు షాపు చుట్టూ తిరగడం అప్పటికే జనానికి విసుగు పుట్టించింది.

బురద సంగతి వేరు. యుద్ధకాలపు జీపులకు అడ్డంగా మందపాటి కడ్డీల్లాంటి ట్రెడ్ ఉండేది, ముందుకైనా వెనక్కైనా పట్టు ఒకటే. యుద్ధం ముగిశాక జీపులు, డాడ్జ్ పవర్ వాగన్లు పొలాలకూ అడవులకూ చేరాయి. వాటితోపాటే ఆ మోటు టైర్లూ వచ్చాయి. తారురోడ్డు ఎక్కితే హోరుమనేవి, తడిరోడ్డు మీద నమ్మడానికి లేదు. నైలాన్ దారాల పొరలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి పరిచిన కట్టుబడి కనుక రాత్రంతా బండి నిలిపితే నేలకానిన చోట టైరు చదునైపోయేది. పొద్దున్నే బయల్దేరితే వేడెక్కేదాకా దడదడే.

ఈ రెండు చిక్కులనూ విడదీసింది రేడియల్ టైరు. 1946లో మిషెలిన్ పేటెంటు తీసుకుని 1949లో అమ్మకానికి తెచ్చింది. ఇందులో పొరల దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నిలువుగా సాగుతాయి, ట్రెడ్ కింద మాత్రం ఉక్కు బెల్టులు చుట్టి ఉంటాయి. పక్కగోడ తన దారిన వంగుతుంది, ట్రెడ్ నేల మీద చదునుగా పరుచుకుంటుంది. వేడి తక్కువ, అరుగుదల తక్కువ, పెట్రోలు కలిసొస్తుంది. అయినా చాలా అమెరికన్ కంపెనీలు ఇరవై ఏళ్లకు పైగా ముఖం చాటేశాయి, ఎందుకంటే యంత్రాలన్నీ మార్చాలి. 1973 చమురు సంక్షోభం వచ్చాక ఇక తప్పలేదు.

అప్పుడు ఆక్రన్ నుంచి వెంటవెంటనే రెండు టైర్లు వచ్చాయి. 1976లో బీఎఫ్‌గుడ్రిచ్ 'రేడియల్ ఆల్-టెర్రైన్ టి/ఎ' తెచ్చింది. పరీక్ష మెక్సికోలోని బాహా ద్వీపకల్పంలో, 1967లో మొదలైన ఎడారి పందెం దారుల్లో. ఇసుకలో, రాళ్లలో రేడియల్ నిలవదని, పక్కగోడ చిరిగిపోతుందని నమ్మినవాళ్లు చాలామంది. ఆ భయం ఉత్తిదేమీ కాదు, రేడియల్‌కు పలుచని పక్కగోడే ఆయువుపట్టు. తర్వాతి తరాల్లో ఆ గోడకు మూడో పొర చేర్చాకే రాళ్ల దారిలో పేరు నిలబడింది. 1977లో గుడ్‌ఇయర్ 'టియెంపో' తెచ్చింది, ఆల్-సీజన్ రేడియల్‌గా అమెరికా మొదట గుర్తుపెట్టుకున్నది దీన్నే. వర్షానికి, ఎండకు, ఓ మోస్తరు మంచుకు పనికొచ్చే గాడులు, రోడ్డు మీద చప్పుడు లేని నడక. వెనక చక్రాల టైర్లు మార్పించే ఆనవాయితీ క్రమంగా తగ్గిపోయింది.

కారు మనుషులు టియెంపో దారి పట్టారు, ట్రక్కు మనుషులు రెండుగా చీలారు. 1980ల నుంచి పికప్ పనిముట్టుగా కాక ఇంటి బండిగా మారుతుంటే ఆల్-టెర్రైన్ పక్కగోడ మీది తెల్లటి అక్షరాలు కూడా ఆభరణమయ్యాయి. నాకు తోచినంతలో, ఆ టైరు అమ్మకాల్లో ఎడారి వాటా కన్నా ఆ అక్షరాల వాటానే పెద్దది.

పేరును నమ్ముకుంటే ఎక్కడికి పోతామో 2000 ఆగస్టులో తెలిసింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకూ కొన్ని పికప్‌లకూ వచ్చిన ఫైర్‌స్టోన్ ఏటీఎక్స్, వైల్డర్‌నెస్ ఏటీ టైర్లను సుమారు 65 లక్షలు వెనక్కి పిలిచారు. వేగంగా వెళ్తుండగా ట్రెడ్ ఊడి బండ్లు బోల్తాపడ్డాయి, రెండు వందలమందికి పైగా పోయారు. పేరులో అడవి ఉంది, చావులు హైవే మీద జరిగాయి, అవీ ఎక్కువగా టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా వంటి ఎండ రాష్ట్రాల్లో. ఫోర్డ్ సిఫారసు చేసిన గాలి 26 పీఎస్ఐ. గాలి తక్కువైతే పక్కగోడ ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ వేడి పుడుతుంది, ఆ వేడి బెల్టుల మధ్య అతుకును వదులు చేస్తుంది. తప్పు గాలిదేనని టైరు కంపెనీ, టైరుదేనని కారు కంపెనీ వాదులాడుకున్నాయి. హెన్రీ ఫోర్డ్ మనవడికి హార్వీ ఫైర్‌స్టోన్ మనవరాలిని ఇచ్చి వియ్యమందుకున్న కుటుంబాల కంపెనీలు 2001 మేలో తెగదెంపులు చేసుకున్నాయి. అప్పటికి ఫైర్‌స్టోన్ జపాన్ కంపెనీ బ్రిడ్జ్‌స్టోన్ చేతిలో ఉందనుకోండి. ఆ ప్రమాదాల ఫలితంగా 2000 నవంబరులో వచ్చిన చట్టం వల్లే ఇవాళ అమెరికా బండ్ల డాష్‌బోర్డు మీద గాలి తగ్గితే పసుపుపచ్చ దీపం వెలుగుతోంది.

గుర్తుల కథ కూడా పేర్ల కథలాంటిదే. రెండు రకాల టైర్ల మీదా సాధారణంగా కనిపించే 'ఎం+ఎస్' గుర్తు, అంటే బురద, మంచు, ఏ పరీక్షా నెగ్గి వచ్చింది కాదు. గాడుల కొలతలు నియమం ప్రకారం ఉంటే తయారీదారు దాన్ని వేసుకోవచ్చు. అది చాలదని 1999లో మూడు శిఖరాల మధ్య మంచురవ్వ బొమ్మ తెచ్చారు. గట్టిపడిన మంచు మీద ప్రమాణ టైరు కన్నా కనీసం పదోవంతు ఎక్కువ పట్టు చూపితేనే అది దక్కుతుంది. కెనడాలోని క్యుబెక్ 2014 నుంచి చలికాలానికి ఈ బొమ్మనే అడుగుతోంది. తమాషా ఏమిటంటే, చాలా ఆల్-టెర్రైన్ టైర్లకు ఈ బొమ్మ ఉంది, చాలా ఆల్-సీజన్ టైర్లకు లేదు. 'సీజన్' పేరున్నది మంచులో వెనకబడితే 'టెర్రైన్' పేరున్నది ముందుకెళ్లింది.

అలాగని మంచురవ్వను చూసి ధైర్యపడిపోనక్కర్లేదు. ఆ పరీక్ష బండి కదలడాన్నే కొలుస్తుంది, బ్రేకును కాదు, మలుపును కాదు. మంచు వేరు, గాజులా గడ్డకట్టిన ఐసు వేరు. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో ఐసు కట్టిన హైవే మీద 130కి పైగా బండ్లు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. డల్లాస్ చుట్టుపక్కల వేల తెలుగు కుటుంబాలు రోజూ తిరిగే రోడ్లవి. అలాంటి రోడ్డు మీద నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందినా, ఎంత లోతైన గాడులున్నా, నమ్ముకోదగ్గది నెమ్మదితనమే. ఆల్-టెర్రైన్ పెద్ద దిమ్మలు అక్కడ పెద్దగా ఏమీ చేయలేవు.

అసలు తేడా పేరులో కన్నా పక్కగోడ మీద సైజుకు ముందున్న అక్షరంలో ఉంది. 'పి' అంటే కారు తరహా టైరు, 'ఎల్‌టి' అంటే లైట్ ట్రక్కుది. పి టైరును పికప్‌కు వేస్తే దాని మీద రాసిన బరువును 1.10తో భాగించి లెక్కపెట్టాలి. ఎల్‌టి టైరులో లోడ్ రేంజ్ 'ఇ' అయితే, పాతకాలపు డ్రైవర్ల లెక్కలో అది పది ప్లై టైరు, 80 పీఎస్ఐ దాకా గాలి తట్టుకుంటుంది. ట్రెయిలర్ లాగేవాడికి, కంకర మోసేవాడికి అది కావాలి. ఆఫీసుకు వెళ్లొచ్చేవాడికి అదనపు బరువు, గట్టి నడక, ఎక్కువ పెట్రోలు మిగులుతాయి. విద్యుత్ పికప్‌లు వచ్చాక ఈ లెక్క దాచినా దాగడం లేదు. మోటు ట్రెడ్ వేస్తే ఒక్క చార్జితో పోయే దూరం ఎంత తగ్గిందో తెర మీద అంకెల్లో కనిపిస్తుంది.

మన దగ్గర ఈ ఎంపిక పేరు కాస్త మారి వచ్చింది. 2016లో, ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం తెరిచి వి-క్రాస్ పికప్ చేయడం మొదలుపెట్టాక, ఇక్కడి షాపుల్లో అడిగేది హెచ్‌టీనా, ఏటీనా అని. ఏటీ అంటే ఆల్-టెర్రైన్, హెచ్‌టీ అంటే హైవే టైరు. మంచు కురవని మన వైపు అమెరికా ఆల్-సీజన్ స్థానం దీనిది. ఘాట్‌రోడ్డు దిగి కంకర దారి పట్టేవాడికి, క్వారీకి పోయేవాడికి ఏటీ డబ్బు దండగ కాదు. నల్లరేగడి దగ్గరే లెక్క తప్పుతుంది. కర్నూలు, ఆదిలాబాద్ పొలాల్లో వాన పడ్డాక ఆ బంకమట్టి ఏటీ గాడుల్ని నాలుగు చుట్లలో పూడ్చేస్తుంది, ఏటీ కాస్తా నున్న టైరవుతుంది. దూరదూరంగా ఎత్తైన దిమ్మలుంటేనే తిరుగుతూ తిరుగుతూ మట్టిని విదిల్చుకోగలదు. ట్రాక్టరు టైరుకు ఆ గుణం ఉంది. పికప్ టైర్లలో మడ్-టెర్రైన్‌కు ఉంది, కానీ తారురోడ్డు మీద అది త్వరగా అరుగుతుంది, ఇంటిల్లిపాదినీ హోరెత్తిస్తుంది.