పొగమంచులో ఐదు శాతం

జనవరి పొద్దున ఓఖ్లా పక్షుల అభయారణ్యంలో యమున గట్టు మీద నిలబడితే నీళ్లు, ఆకాశం, అవతలి ఒడ్డు అన్నీ ఒకే రంగులో ఉంటాయి. వలస బాతులు దిగేది చలికాలంలోనే. ఢిల్లీ, నోయిడాల మీద పొగమంచు కమ్ముకునేదీ అప్పుడే. వెలుతురు కుదుటపడేసరికి చాలా పక్షులు ఉత్తరానికి బయల్దేరతాయి. అందుకే ఇక్కడ ఫొటో తీయడంతో సగం పనే అవుతుంది. మిగతా సగం ఇంటికెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాక.

అలా కూర్చున్నవాళ్లు ఇవాళ పెద్దగా ఆలోచించకుండా జరిపే స్లైడర్ ఒకటుంది, డీహేజ్. కాస్త కుడికి జరిపితే తెల్లదనం పలచబడి, పక్షి వెనకున్న జమ్ము ఆకులు విడివిడిగా కనిపిస్తాయి. 2015 జూన్‌లో అది అడోబీ వారి ఫొటోలు సవరించే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లోకి వచ్చింది. అయితే డీహేజ్ వెనకున్న ఆలోచన అంతకంటే పాతది.

దూరం పెరిగేకొద్దీ వస్తువులు ఎందుకు వెలవెలబోతాయో 1924లో కోష్మీడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త లెక్కగట్టి చూపాడు. మన కంటికి చేరే వెలుగు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి పక్షి మీద నుంచి బయల్దేరి దారిలో తరిగిపోతూ వచ్చేది. రెండోది గాలిలోని తేమా ధూళీ చెదరగొట్టిన ఎండ, దారి పొడుగునా తెల్లగా వచ్చి కలిసేది. నీళ్లలో పాలు పడ్డట్టు. విడదీయాలంటే ఎంత కలిసిందో తెలియాలి. అది దూరాన్ని బట్టి మారుతుంది. ఆ దూరం ఎంతో ఫొటోలో రాసి ఉండదు. చిక్కంతా అక్కడే.

2000 ప్రాంతంలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో శ్రీ నాయర్, శ్రీనివాస నరసింహన్ దీనికో దారి చూపారు. ఒకే దృశ్యాన్ని వేర్వేరు వాతావరణాల్లో తీసి, తేడా చూసి దూరాన్ని రాబట్టడం. భవనాలకైతే అది సరిపోతుంది. మంచు మారేదాకా లకుముకి పిట్ట అదే కొమ్మ మీద, అదే భంగిమలో కూర్చుంటుందా?

ఒక్క ఫొటోతోనే తేల్చే ఉపాయాల్లో నాకు అన్నిటికంటే అందంగా తోచేది 2009లో వచ్చింది. కైమింగ్ హీ అప్పుడు హాంకాంగ్‌లోని చైనీస్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. తన గురువుల్లాంటి జియాన్ సన్, షియావోఉ తాంగ్‌లతో కలిసి రాసిన పత్రంలో ఒక చిన్న సంగతి పట్టుకున్నాడు. తేట గాలిలో ఆరుబయట తీసిన ఫొటోలో, ఆకాశాన్ని వదిలేసి ఏ చిన్న ముక్కను చూసినా, ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో కనీసం ఒకటి ఎక్కడో ఒకచోట దాదాపు సున్నా ఉంటుంది. లకుముకి నీలిరెక్కలో ఎరుపు తక్కువ. పచ్చని ఆకులో నీలం తక్కువ. చీకటి నీడలో మూడూ తక్కువే. 5,000 ఫొటోల మీద సరిచూశారు. మరి సున్నా ఉండాల్సిన చోట సున్నా లేకపోతే? ఆ మిగులు పొగమంచుది. దాంతో తెర మందం తెలిసిపోతుంది, దూరమూ తెలిసిపోతుంది. ఆ ఏడాది కంప్యూటర్ విజన్ రంగపు సీవీపీఆర్ సదస్సులో ఉత్తమ పత్రం అదే అయింది.

తమ పద్ధతి ఎక్కడ తప్పుతుందో కూడా వాళ్లే రాశారు. గాలి తెలుపును పోలిన వస్తువు ఎదురైతే, పాలరాయిలాంటిది, లెక్క మోసపోతుంది. పక్షుల ఫొటోలు తీసేవాళ్లకు ఆ పాలరాయి తెల్లకొంగ, తెడ్డుమూతి కొంగ. తెల్లరెక్కలో మూడు రంగులూ నిండుగా ఉంటాయి, సున్నా ఎక్కడా దొరకదు. డీహేజ్‌ను మొత్తం ఫొటో మీద గట్టిగా లాగి చూడండి, కొంగ మాసిపోతుంది, ఆకాశంలో ఇసుక చల్లినట్టు గరుకు తేలుతుంది.

కాబట్టి పక్షినీ దాని వెనకున్న దృశ్యాన్నీ వేరుచేయాలి. చీకటిగదిలో ప్రింటు వేసే రోజుల్లో తీగకు అట్టముక్క కట్టి, వెలుగు పడకూడని చోట అడ్డం పెట్టేవారు. కంప్యూటరు వచ్చాక బ్రష్‌తో ఈక అంచుల వెంట గంటలకొద్దీ గీసేవారు. 2021 అక్టోబరులో లైట్‌రూమ్ పక్షిని తనంతట తానే గుర్తుపట్టి మాస్క్ వేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు కొంగను ముట్టుకోకుండా జమ్మును మాత్రమే తేటపరచవచ్చు, ఎదురువెలుగులో నల్లబడ్డ పక్షి ముఖాన్ని మాత్రమే కాస్త వెలిగించవచ్చు.

2023లో ఫొటోషాప్‌కు వెనకున్న దృశ్యాన్నే కొత్తగా పుట్టించే శక్తి వచ్చింది. అక్కడ నా చేయి ఆగిపోతుంది. ఆ బాతు ఏ నీళ్లలో, ఏ గడ్డి పక్కన ఉందో చెప్పేది ఆ నేపథ్యమే. దాన్ని మార్చేస్తే ఓఖ్లా పోయి అందమైన బొమ్మ ఒకటి మిగులుతుంది. పేరున్న పోటీలు కెమెరా నుంచి వచ్చిన అసలు రా ఫైలును అడిగి చూసేది అందుకే.

హీ పత్రంలో ఒక చిన్న అంకె నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. పొగమంచును పూర్తిగా తీసేస్తే దృశ్యం సహజంగా ఉండదని, లోతు పోతుందని వాళ్లు గమనించారు. తేట రోజున కూడా దూరపు కొండ మీద పలచని తెర ఉంటుంది, దాన్ని బట్టే మన కన్ను దూరాన్ని అంచనా వేస్తుంది. అందుకని 95 శాతం దగ్గర ఆపి, కొంచెం తెలుపును కావాలనే ఉంచేశారు. ఓఖ్లా ఫొటోల్లో నేను ఇంకా ముందే ఆపుతాను. బాతు కన్ను మెరవాలి, మెడ మీద ఈకలు తెలియాలి. దూరంగా యమున మీదున్న బ్యారేజీ మాత్రం మసగ్గానే ఉంటుంది. ఆ పొద్దున ఆ బాతు పీల్చిన గాలి అదే.