అపరాధ పరిశోధక నవలయు, మన గడులును

మంచు కురియు రాత్రి, ఊరికి దూరముగా నొక పెద్ద భవనము, గడియ పడిన గదిలో యజమాని శవము. ఇంగ్లీషు అపరాధ పరిశోధక నవలలు చదివినవారి కీ రంగము చిరపరిచితము. 1938లో అగాథా క్రిస్టీ ప్రకటించిన ‘హెర్క్యూల్ ప్వారోస్ క్రిస్మస్’ ఈ జాతిలోనిదే. పండుగ ముందటి రాత్రి ధనికుడగు వృద్ధుడొకడు తన గదిలో హతుడగును. కొడుకులు, కోడండ్రు, సేవకులు అందరును అనుమానితులే. ఆదిలాబాదు చలిరాత్రులలో కుంపటి ప్రక్కన ఇట్టి నవల చదువువానికి కాలము తెలియదు. కాని పుస్తకము మూసిన పిదప నొక ప్రశ్న మిగులును. కరీంనగరము, ఆదిలాబాదు సీమలలోను గడు లుండెను గదా. ఈ కథ మన గడిలో నేల పుట్టలేదు?

ఇంగ్లండునను ఇది సులభముగా పుట్టలేదు. 1860 జూను నెలాఖరున విల్ట్‌షైరులోని రోడ్ హిల్ హౌసు అను భవనమున సావిల్ కెంట్ అను పసిబాలుడు హత్య చేయబడెను. లండను నుండి వచ్చిన విచర్ అను పోలీసు పరిశోధకుడు బాలుని సవతి అక్కయగు పదునారేండ్ల కాన్‌స్టెన్సును నిర్బంధించెను. సామాన్యుడగు పోలీసువాడు మర్యాదస్థుల ఇల్లు చొచ్చి కన్యను నిందించుటయా యని పత్రికలు మండిపడెను. ఆమె విడుదలయయ్యెను, విచర్ ప్రతిష్ఠ చెడెను. 1865లో ఆమెయే నేర మొప్పుకొనెను. 1868లో వెలువడిన విల్కీ కాలిన్స్ ‘మూన్‌స్టోన్’ నవలలో పరిశోధకుడు దాసీల పెట్టెలనే గాక దొరసానుల పెట్టెలనుగూడ సోదా చేయ ననుమతి కోరును. అక్కడ లోకము మారుచుండెనని ఆ యొక్క మాట చాటుచున్నది.

మన గడి తీరు వేరు. నిజాము పాలనలో గ్రామశాంతి పోలీసు పటేలుది, శిస్తు మాలీ పటేలుది, లెక్కలు పట్వారివి. ఈ వతనులు వంశపారంపర్యములు. పెక్కుచోట్ల దొరల చేతిలోనో, వారి కనుసన్నలలోనో యుండెను. తగవు తీర్చువాడును, దండుగ వేయువాడును దొరయే. వెట్టివాడు గడిలో మరణించినచో విచారింపవలసినవాడును గడి మనిషియే! మన జిల్లాలకు దక్షిణమున, కడవెండిలో, 1946 జులై 4న విసునూరు దేశముఖుని మనుష్యులు ఊరేగింపుపై తుపాకులు పేల్చగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. కాల్చిన దెవరో ఊరందరికిని తెలియును. తెలియనిదల్లా, అడుగువా డెవడన్నదే. అందుచేతనే 1955 నాటి వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ దొరతనమును చిత్రించినను, అందు హంతకుని వెదకు చిక్కుముడి లేదు. ఎదిరించు మనిషి కలడు.

ఆ అడుగుట మనము సభలలోను, వీధులలోను నేర్చుకొంటిమి. 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ కూడెను. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర సాగించిరి. 1985 చట్టముతో పటేలు, పట్వారీ పదవులు తొలగెను.

కావున, కాలక్షేపపు పుస్తకములని పిల్లల చేతినుండి వీనిని లాగివేయు పెద్దలొకింత ఆలోచింపవలెను. వంటవానిని ప్రశ్నించినట్లే యజమానిని ప్రశ్నించుట, పుకారును విడిచి సాక్ష్యమును పట్టుట వీనియందు కలదు. చదివిన పిదప పిల్లలతో హంతకుని పేరు చెప్పించుటతో తృప్తిపడక, ఆ యింట అడుగు హక్కు పరిశోధకుని కెట్లు వచ్చెనో చెప్పుడని కోరుడు.