సందు

సంస్కృత ‘సంధి’కి వికృతి మన ‘సందు’. సంధి అంటే కలయిక, సందు అంటే రెండింటి మధ్య ఖాళీ. కలిసే చోటే ఎడమూ ఉంటుందని మన భాష ఏనాడో పట్టేసింది!

రేకులు కోసే హైడ్రాలిక్ షియరింగ్ మిషన్ దగ్గర అందరూ ‘గ్యాప్’ అంటారు గానీ, నాకు సందే ఇష్టం. పై బ్లేడు కింది బ్లేడుకు తగలకుండా, పక్కనుంచే దిగాలి. మామూలు ఉక్కుకు ఆ సందు రేకు మందంలో సుమారు 5 నుంచి 10 శాతం. అంటే 10 మిల్లీమీటర్ల ప్లేటుకు అర నుంచి ఒక మిల్లీమీటరు. ఎక్కువైతే ప్లేటు తెగేముందే వంగి, అంచున బర్ (గరుకు మొన) లేస్తుంది. మరీ తక్కువైతే లోడు పెరిగి బ్లేడు అంచు పెచ్చులూడుతుంది. సందు సరిచేశాక, దాన్ని కొలిచే ఫీలర్ గేజ్ ఒక్క కొసన పెట్టి వదిలేయకూడదు, రెండు కొసలా, నడుమా చూడాల్సిందే.